కవిత చెడిపోతుందని

గ్రంథాలయంలో పిల్లల గదిని చూసుకునే ఆవిడను అందరూ పుస్తకాలత్త అనేవారు. నెలాఖరులోగా పిల్లలు ముప్పై పుస్తకాలైనా ఇళ్లకు తీసుకెళ్లకపోతే గదికి తాళం వేస్తామని పై అధికారి తేల్చి చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా ఆ గదే లోకమైన అత్తకు దిక్కు తోచలేదు. చదవమని నోటితో చెబితే పిల్లలు ఎప్పుడు విన్నారు గనక? అందుకని పుస్తకాలను ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటి వెన్నుమీది పేర్లు వరసగా చదివితే కవితయ్యేలా బల్లమీద పెట్టింది.

తాబేలు అడిగింది
వాన ఎక్కడ నిద్రపోతుంది
మా మెట్ల కింద

పిల్లలు ఎగబడి చదివారు, నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. అత్త మురిసిపోయి రోజుకో కవిత పేర్చింది. నెలాఖరున రిజిస్టరు తెరిస్తే మూడే సంతకాలున్నాయి, అందులో ఒకటి అత్తదే.

"ఏమే, అంత నచ్చితే ఒక్కటైనా ఇంటికి పట్టుకెళ్లలేదేం?" అని రోజూ వచ్చే రెండు జడల పిల్లను అడిగింది.

"ఒకటి లాగితే కవిత చెడిపోదా అత్తా? మేమే కాపలా కాశాం. చిన్నపిల్లలు ముట్టుకోబోతే చేతిమీద ఒక్కటిచ్చాం కూడా."

అత్త తిట్టబోయి, రిజిస్టరు మూసేసింది. తాళంతో వచ్చిన అధికారి బల్ల దగ్గర ఆగి, కవితను రెండుసార్లు చదివాడు.

"బాగుందమ్మా" అన్నాడు. ఆ దొంతర కదలకుండా తలుపును మెల్లగా దగ్గరికి లాగి తాళం వేశాడు.