చంద్రుడి మీద టార్చిలైటు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పర్చూరు వైపు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. తెలియదని ఒప్పుకోవడం నాకు మహా నామోషీ.

ఒకరోజు "కాంతి కంటే వేగంగా ఏదీ పోదు" అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. మిరప కోతలప్పుడు వాళ్ళమ్మతో కూలికి పోయి, తక్కిన రోజుల్లో క్లాసుకొచ్చే పిల్ల.

"సార్, పెద్ద టార్చిలైటు చంద్రుడి మీదేసి చెయ్యి ఇట్లా తిప్పితే, ఆ వెలుగు మచ్చ ఈ అంచు నుంచి ఆ అంచుకి కాంతి కంటే తొందరగా పోద్ది కదండి?"

బోర్డు వైపు తిరిగి, "పోదు, కూర్చో" అన్నాను.

ఆమె కూర్చోలేదు. "కోతల్లో తలా ఒక సాలు పట్టుకొని నిలబడతామండి. మేస్త్రి కేకేస్తే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం వంగుతాం. ఆ వంగటం గట్టు దాకా పరిగెత్తినట్టు కనపడుద్ది. మనిషెవరూ పరిగెత్తలేదు గదండి. మచ్చ కూడా అంతేనేమో..."

"ఏమ్మా, మిరపకాయలు కోసేచోట ఫిజిక్సు కూడా చెబుతున్నారా?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వుకి నేను లోపల పొంగిపోయాను. ఈ మాట రాయడానికే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆదివారం గుంటూరు వెళ్ళి లైబ్రరీలో పుస్తకం తీస్తే ఆమె చెప్పిందే ఉంది. మచ్చ ప్రయాణించే వస్తువు కాదు. ఇక్కడ పడిన వెలుగు వేరు, మరుక్షణం అక్కడ పడిన వెలుగు వేరు; రెండూ టార్చి నుంచి విడివిడిగా బయల్దేరినవే. అందుకే మచ్చ కాంతిని దాటిపోవచ్చు. కానీ చంద్రుడి ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక్క కబురైనా మోసుకుపోలేదు.

సోమవారం ఇదంతా క్లాసులో చెప్పాను. తేలిగ్గా అర్థమవుతుందని చేలో వంగే కూలీల వరస కూడా చెప్పాను. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు. "ఉదాహరణ అదిరింది సార్" అన్నారు ముందు బెంచీ వాళ్ళు. మేకపోతు గాంభీర్యంతో తల ఊపాను.

బెల్లు కొట్టాక ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చింది.

"అయితే నేనన్నది తప్పు కాదాండి?"

తప్పు కాదమ్మా అంటే సరిపోయేది. "నువ్వన్నది వేరు, ఇది వేరు" అన్నాను.

ఆమె నోట్సు తెరిచింది. కిందటి వారం గీసుకున్న బొమ్మ అందులో ఉంది: పైన చంద్రుడు, కింద వంగిన మనుషుల వరస. నా ఎదుటే దాని మీద పెన్నుతో అడ్డంగా కొట్టేసి, "సారీ అండి" అంది.