అమాసనాటి నిద్ర

మా ఊళ్ళో అమావాస్య అంటే మగ్గానికి సెలవు. పోచంపల్లి చుట్టుపక్కల నేతపని చేసే ఇళ్ళలో అదే ఆచారం. ఆ రోజు మగవాళ్ళు మగ్గం గుంటలోంచి కాళ్ళు బయట పెట్టి, అరుగుల మీద చేరి, బీడీలు కాల్చుకుంటూ లోకంలోని తగువులన్నీ తీర్చేవారు. సెలవు మగ్గానికే గానీ మాకు కాదు. మర్నాడు మగ్గం ఆడాలంటే నూలు సిద్ధంగా ఉండాలి. ఆ నూలు సిద్ధం చేసేది ఆడవాళ్ళం.

అందులో ఆసు పోయడం అని ఒక పని ఉంది. ఒక చెక్కకు ఈ చివర ఒక మేకు, ఎదురుగా నెలవంకలాగా వరసగా మేకులు. దారం పట్టుకుని కుడిచేతిని ఈ మేకు నుంచి ఆ మేకుకు, అక్కణ్ణుంచి మళ్ళీ ఇక్కడికి తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు సరిపడా ఆసు పోసేసరికి భుజం మనది కాకుండా పోతుంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేం. "మగ్గానికి అమాస గని ఆసుకు అమాస లేదు" అని మా అవ్వ అనేది. ఆవిడ సరదాకి అనలేదని నాకు పెళ్ళయ్యాక తెలిసింది.

నేను కాపురానికి వచ్చిన కొత్త. అరవైల మొదటి రోజులు. పక్కింటి కోడలు నా ఈడుదే, నాతోపాటే ఆ వాడకు వచ్చింది. వైశాఖ అమావాస్య నాడు పుట్టిందట. ఆడపిల్ల, అందులోనూ అమావాస్య పుట్టుక. ఇంక పుట్టినరోజు మాట పుట్టింట్లోనే ఎత్తలేదు, అత్తింట్లో ఎవరెత్తుతారు? దారం తెగినా, పాలు పొంగినా, "అమాసనాడు పుట్టినదాని చెయ్యి గట్లనే ఉంటది" అని అత్త అనేది. మేం మాత్రం ముద్దుగా అమాస పిల్ల అని పిలుచుకునేవాళ్ళం. ఆ ఇంట్లో మూడు మగ్గాలు. అత్తకు ఎన్నో ఏళ్ళ ఆసుతో భుజం పట్టేసి చెయ్యి తలదాకా కూడా లేచేది కాదు. కాబట్టి మూడు మగ్గాల ఆసూ ఈ పిల్ల ఒక్కదాని మీదే పడింది. అర్ధరాత్రి లేచినా వాళ్ళింట్లో దీపం కనబడేది, తెల్లవారుజామున చూసినా కనబడేది.

మా ఇద్దరికీ పెద్ద దిక్కు పట్నం అక్క. ఆమె కూడా మా వాడకు వచ్చిన కోడలే, పుట్టిల్లు హైదరాబాదు. మాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, నోరు కూడా అంతే పెద్దది. పట్నంలో తన అన్న పిల్లలకు ఏటా పుట్టినరోజు చేస్తారనీ, కొత్తబట్టలు తొడిగి మిఠాయి పంచుతారనీ చెబుతూ ఉండేది. ఒకనాడు నీళ్ళ కాడ ఆమెకు ఉన్నట్టుండి తోచింది.

"ఈ పిల్లకు గూడ జేద్దాం. వచ్చేది వైశాఖ అమాసనే గద, ఆనాడు పట్నం పోదాం. చార్మినార్ జూద్దాం, గాజులేసుకుందాం, సినిమ జూద్దాం" అంది.

అమాస పిల్ల బిందె చంకనెత్తుకుని, "మా అత్తమ్మను నువ్వే అడుగక్కా" అని వెళ్ళిపోయింది.

పట్నం అక్క అడిగింది. ఏం చెప్పిందో, ఎంత చెప్పిందో నాకు తెలియదు. ముసలమ్మ చివరికి, "అమాసనాడు పయనమేందో నాకైతే సమజ్ కాలే. పోనీ, పోయి రాండ్రి. పొద్దుగూకేటాల్లకు ఇంట్ల ఉండాలె. తెల్లారి పడుగుకు గంజి పెట్టేది ఉన్నది" అందట.

గంజి పెట్టడమంటే ఇంటిల్లిపాది పని. పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలను, వీధి పొడుగునా చాపి, ఎండ ముదరక ముందే గంజి పట్టించి కుంచెతో దువ్వాలి. గంజి కాయడానికి ఆడవాళ్ళు కోడి కూయక ముందే లేవాలి. అంటే మాకు దొరికింది ఒక పగలు. దానికే మేం ముగ్గురం పెట్టెలోని చీరలు తీసి కట్టుకుని, సద్ది మూటగట్టుకుని, పొద్దుటి బస్సెక్కాం. మా అమాస పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటకముందే తల కిటికీకి కొట్టుకోవడం మొదలైంది. దెబ్బ తగులుతున్నా మెలకువ రాలేదు. నేను నా చెయ్యి అడ్డం పెట్టాను.

పట్నంలో దిగాక పట్నం అక్క ముందు, నేను నడుమ, ఆ పిల్ల వెనక. చార్మినార్ కిందికి వెళ్ళి తలలెత్తి చూశాం. అంటే మేమిద్దరం చూశాం. ఆ పిల్ల గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. "జూసినవానే?" అంటే "జూసిన" అంది. తర్వాత గాజుల దుకాణం. గాజులు తొడిగే ముసలమ్మ ఈ పిల్ల చెయ్యి తీసుకుని, వేళ్ళు మెల్లగా నొక్కుతూ గాజు ఎక్కిస్తోంది. ఆ చెయ్యి అలాగే మెత్తబడిపోయింది. చూద్దుముగదా, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. గాజులకు చెయ్యి ఇచ్చి నిద్రపోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు.

గాజులమ్మ నవ్వలేదు. మిగిలిన గాజులు నిద్రలోనే తొడిగి, "లేపకుండ్రి బిడ్డా, జర సేపు కూసోనియ్యుండ్రి" అంది. కానీ బేరాలు వస్తూంటే ఎంతసేపు కూర్చుంటాం? లేపి బయటకు తెచ్చాం. జిలేబీ కొని నోట్లో పెట్టాం. పట్నం అక్క సంబరంగా, "నీ పుట్టినరోజు, ఇగ నీ ఇష్టం. ఏం గావాల్నో అడుగు. సినిమకే పోదామా?" అంది.

ఆ పిల్ల జిలేబీ మింగి, "నాకు నిద్రొస్తాంది అక్కా. యాడనన్న పండుకుంట" అంది.

"గింత దూరం వచ్చి పండుకుంటవా? ఆ నిద్రేదో ఇంట్ల పోరాదు?"

"ఇంట్ల పండుకుంటే పిలుస్తరు. ఈడ నా పేరు ఎవ్వలకు తెల్వదు."

పట్నం అక్క మొహం మాడిపోయింది. నాకూ కోపం వచ్చింది. ఉన్నమాట చెబుతాను, నేను అప్పటిదాకా సినిమా చూడలేదు. చూస్తానని వాడకట్టంతా చెప్పి వచ్చాను. ఇప్పుడు ఈమె నిద్ర నా సినిమాను మింగేసింది. అయినా కాదనడానికి నోరు రాలేదు. పుట్టి ఇన్నేళ్ళకు ఒక్కసారి అడిగింది.

పండుకోవడానికి జాగా ఎక్కడ? ముగ్గురు ఆడవాళ్ళు రోడ్డు పక్కన నడుం వాలిస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. పట్నం అక్క కాసేపు ఆలోచించి మమ్మల్ని మూసీ పక్కనున్న పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ చెట్ల కింద రోగుల తాలూకు జనం ఎప్పుడూ పడుకునే ఉంటారు, ఎందుకు పడుకున్నారని అడిగేవాళ్ళు లేరు. ఒక వేపచెట్టు కింద సద్దిమూట విప్పి, గుడ్డ పరిచాం. అన్నం కూడా తినలేదు ఆ పిల్ల. నా ఒళ్ళో తల పెట్టిందో లేదో నిద్రలోకి పోయింది.

అలా గడిచింది మా పట్నం షికారు. దవాఖాన ఆవరణలో, ఈగలు తోలుకుంటూ. పక్కనున్న ఒకావిడ జాలిగా, "ఏమైంది బిడ్డకు?" అని అడిగింది. "నిద్ర లేదు" అంది పట్నం అక్క కసిగా. ఆవిడ, "అయ్యో, పాడు రోగం" అని తన దగ్గరున్న బత్తాయి ఒకటి ఇచ్చింది.

పట్నం అక్క సణుగుడు ఆపలేదు. "పుట్టినరోజు జేయనొచ్చినమా, కావలి కాయనొచ్చినమా" అంటూనే ఉంది. అంతలో ఆ పిల్ల కుడిచెయ్యి కదిలింది. మోచెయ్యి లేచి అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. వేళ్ళు దారం పట్టుకున్నట్టే ఉన్నాయి. కొత్త గాజులు మెల్లగా చప్పుడు చేస్తున్నాయి. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. పట్నం అక్క దగ్గరికి జరిగి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కదలకుండా పట్టుకుంది. బస్సు వేళ దాకా వదల్లేదు. నా కాళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారాయి, నేనూ కదల్లేదు.

ఇక లేపక తప్పదు. ఆ బస్సు పోతే రాత్రికి పట్నంలో ఉండిపోవాలి, అప్పుడు ముగ్గురికీ ఇంకోసారి ఊరు దాటే రాత ఉండదు. భుజం మీద ఇలా చెయ్యి వేశానో లేదో, "వస్తున్న అత్తమ్మా" అంటూ దిగ్గున లేచి కూర్చుంది. కొంగు నడుముకు చుట్టి, పక్కన ఆసుచెక్క కోసం తడుముకుంది. చేతికి వేపాకులు తగిలాయి. అప్పుడు మమ్మల్ని చూసి, చెట్టును చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మేం ఓదార్చలేదు. మాకే ఏడుపు వచ్చేట్టుంది.

బస్సులో పట్నం అక్క ఆమెకు పాఠం చెప్పింది. అత్త అడిగితే ఏమేం చూశానని చెప్పాలో, సినిమాలో కథ ఏమిటో, ఎక్కడ నవ్వు వచ్చిందో అన్నీ. నేను కూడా విన్నాను, నాకూ పనికొస్తుంది కదా.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. ముసలమ్మ గడపలోనే కూర్చుని ఉంది. పట్టేసిన భుజానికి వేడి ఇసుక మూట పెట్టుకుంటోంది. నేను మాట సాయానికి అక్కడే నిలబడ్డాను.

"ఏం జూసినవ్ పట్నంల?"

అమాస పిల్ల అప్పజెప్పింది. చార్మినార్, గాజుల దుకాణాలు, సినిమా. ఎక్కడా తడబడలేదు. ముసలమ్మ అంతా విని, ఇసుక మూట ఇటు మార్చుకుని, మా ఇద్దరివైపూ చూడకుండా అంది:

"నన్ను పంపితే నేనైతే అవేం జూడకపోదును. ఏదన్న చెట్టు కింద పొద్దుగూకే దాక పండుకుందును."

ఆ పిల్ల వెళ్ళి అత్త పక్కన గడపలో కూర్చుంది.

"నేను గూడ పండుకున్న అత్తమ్మా. సినిమ జూడలే."

ముసలమ్మ తలెత్తి కోడలిని చూసింది.

"ఎంతసేపు?"

"బస్సు యాల్ల దాక."

"నడుమ ఎవ్వలన్న లేపిన్రా?"

"లేపలే."

"మంచిగయింది" అంది ముసలమ్మ. అంతే అంది. ఇసుక మూట కోడలి భుజం మీద పెట్టింది.

మర్నాడు తెల్లవారుజామున గంజి కాయడానికి సాయం వెళ్ళాను. పొయ్యి దగ్గర ముసలమ్మ ఒక్కతే ఉంది. లేవని చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో గంజి కలుపుతోంది. కోడలేదీ అని నోరు తెరవబోయాను. ఆమె తెడ్డు వదిలి, నోటి మీద వేలు పెట్టుకుని, మూసిన తలుపు వైపు చూపించింది.

ఆ ఒక్క పొద్దే. మరుసటి రోజు నుంచి మళ్ళీ చీకటితోనే ఆ ఇంట్లోంచి పిలుపు వినబడేది.