పత్తి పిన్నిగారి తనిఖీ

పత్తి పిన్నిగారికి పత్తి అంటే పంట కాదు, పూలమొక్క. ఎవరైనా పొరపాటున పంట అన్నారో, ఆ పూట వాళ్ళ పని అయిపోయినట్టే. నర్సుగా రిటైరయ్యాక ఆవిడ ఆ మూడంతస్తుల భవనంలో తనకు తోచినవాళ్ళకు తలా ఒక పత్తి కుండీ అంటగట్టి, రోజూ ఉదయం ఏడింటికి తలుపు తట్టి తనిఖీ చేసేవారు.

రెండో అంతస్తులో దిగిన అద్దాలాయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానపడతాడు. అతను సామాను విప్పకముందే కుండీ వచ్చేసింది. మొదటి పువ్వు లేతపసుపు రంగులో విచ్చి, మర్నాటికి గులాబీ రంగుకు తిరిగింది. తానేదో పాడుచేశానని అతను కంగారుపడితే, దాని స్వభావమే అంతని చెప్పి, ఆ వంకన అరగంట కూర్చుని, పొయ్యి మీది గిన్నె మూత తీసి చూశారావిడ.

"ఆకు వాడింది. రాత్రి తినలేదా?"

"ఆకు వాడితే నేను తినకపోవడమేంటి పిన్నిగారూ?"

"అడిగినదానికి చెప్పు."

సెలవు రోజైనా ఏడింటికే. ముసుగుతన్ని పలక్కుండా పడుకుంటే, మొక్కకు పేనుబంక పురుగు పట్టిందేమో చూడాలంటూ తలుపు బాదేవారు. ఒకసారి అతను నిజంగానే జ్వరంతో లేవలేకపోయాడు. ఆవిడ వడ్రంగిని పిలిపించి గడియ ఊడదీయించారు. రెండు రోజులు మంచం పక్కనే కూర్చున్నారు. అడిగినవాళ్ళందరికీ మొక్కకు పేనుబంక పట్టిందని, కనిపెట్టుకుని ఉండాలని చెప్పారు. అందరూ నమ్మారు. జ్వరం తగ్గాక అతనూ నమ్మాడు.

కింది అంతస్తు దంపతులు పిల్లల ముచ్చట కోసం ఒక కుండీ ఇమ్మని మూడుసార్లు అడిగారు. మీ వరండాలో ఎండ చాలదన్నారు పిన్నిగారు. ఆ వరండాలో తడిబట్టలు గంటలో ఆరిపోయేవి.

కాయలు పగిలి తెల్లటి దూది బయటపడ్డ వారంలోనే అద్దాలాయన తల్లి వచ్చి కొడుకు దగ్గర ఉండిపోయింది. మర్నాడు ఏడింటికి వచ్చిన పిన్నిగారు, సరిగ్గా తినడంలేదని ఆ తల్లి కొడుక్కి చీవాట్లు పెడుతుంటే గుమ్మంలోనే నిలబడి తృప్తిగా విన్నారు. తర్వాత వెళ్ళి కుండీని చంకనెత్తుకోబోయారు.

అద్దాలాయన ప్రాణం ఉసూరుమంది. "ఇన్నాళ్ళు పెంచాను. ఇప్పుడు తీసుకుపోతారా?"

"పైన గడియారాలు బాగుచేసే ఆయన దిగాడు. ఒక్కడే ఉంటాడట."

అద్దాలాయన కుండీ తానే ఎత్తుకుని ఆవిడ వెనక మెట్లెక్కాడు. దారిలో కుండీ ఉన్న ప్రతి గుమ్మం ముందూ ఒక్క జత చెప్పులే ఉన్నాయి.

గడియారాలాయన తలుపు తీసి, ఈ పంటను తానేం చేసుకోవాలని అడిగాడు. పిన్నిగారి ముఖం ఎర్రబడింది. ఆవిడ నోరు విప్పేలోపే అద్దాలాయన అడ్డుపడి, ఇది పూలమొక్కని సర్దిచెప్పాడు.

"నాకు మొక్కల సంగతి తెలీదండీ. నీళ్ళెన్ని పొయ్యాలి?"

"అవన్నీ పిన్నిగారు చూసుకుంటారు. మీరు రోజూ ఏడింటికి తలుపు తియ్యండి, చాలు."