నా గుండు మొక్కుబడి కాదు

ఆ రోజు పెళ్ళిచీరల కోసం పెద్ద బృందం వచ్చింది. ప్రొద్దుటూరులో నేను పనిచేసే బట్టల అంగట్లో నా పని చీరను ఒంటిమీద వేసి చూపించడం. కట్టుకున్న చీర మీదే కొత్త చీర కుచ్చిళ్ళు దోపి, ఎడమ భుజం మీద పైట పరిచి, అద్దం ముందు అటూ ఇటూ తిరగాలి. మడతలో చూసి పెదవి విరిచిన చీరనే నా భుజం మీద చూసి కొనుక్కుపోతారని నాకు పేరు. ఆ రోజు పైట సర్దుతుంటే ఎడమ రొమ్ము పక్కన, చంక దగ్గర, వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. చింతగింజంత ఉంటుంది. నొక్కితే నొప్పి లేదు, కదలనూ లేదు. నవ్వుతూనే ఆ చీర అమ్మి, బాత్రూంలోకి పోయి మళ్ళీ తడుముకున్నాను. ఉంది.

అప్పుడు నాకు నలభై నాలుగేళ్ళు. నా పేరు నాగవేణి. పేరుకు తగ్గట్టు నడుము దిగే జడ ఉండేది. అంతా విన్నాక ఈ పేరు తలుచుకుని మీకు నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే వస్తుంది.

మా వీధి చివరి క్లినిక్‌లో డాక్టరు సరిగ్గా చూడనైనా లేదు. "కొవ్వు గడ్డలేమ్మా. నొప్పి లేదు గదా, ఏం గాదు" అని మాత్రలు రాశాడు. మా ఆయన అక్క పులివెందులలో ఉంటుంది, నేను వదినా అని పిలుస్తాను. ఆమెకు ఫోన్ చేసి చెబితే, "అంతా వేడి మ్మే. సబ్జా నీళ్ళు తాగు" అంది. ఆ మాత్రలు మింగుతూ, ఆ నీళ్ళు తాగుతూ ఉండగానే గడ్డ ఉసిరికాయంత అయింది. చివరికి జమ్మలమడుగులో ఉన్న మా అక్క నన్ను రెక్క పట్టుకుని అక్కడి లేడీ డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది.

ఆ డాక్టరమ్మ చూడాల్సిన విధంగా చూసింది. "నొప్పి లేదని ఊరుకుంటే ఎట్లమ్మా? నొప్పి లేని గడ్డంటేనే నాకు భయం. రేపే పోయి మామోగ్రామ్ చేయించుకో" అంది. తిరుపతిలో పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది.

తిరుపతి. ఈ కథంతా ఆ ఊరి పేరు చుట్టూనే తిరుగుతుంది కాబట్టి గుర్తుపెట్టుకోండి.

అక్కడ మామోగ్రామ్ తీశారు. ట్రూకట్ బయాప్సీ అని మందమైన సూదితో ముక్క తీశారు. రిపోర్ట్ వచ్చిన రోజు సర్జన్ నా వైపు చూడకుండా మా ఆయనతో మాట్లాడాడు. "క్యాన్సరే, ఇన్వేసివ్ కార్సినోమా. మాస్టెక్టమీ చేసి చంకలో నోడ్స్ కూడా తీసేస్తాం. తర్వాత కీమో. పిల్లలు పెద్దవాళ్ళే కదా? ఇక ప్రాబ్లం ఏముంది?" అన్నాడు. పిల్లలకు పాలివ్వడం అయిపోయింది కాబట్టి ఆ రొమ్ము ఇక నా ఒంట్లో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని ఆయన లెక్క.

నేనే నోరు తెరిచాను. "సార్, తరవాత నేను జాకెట్టు ఎట్ల తొడుక్కోవాల?"

ఆయన ఫైల్ మూసేస్తూ, "ముందు ప్రాణం చూసుకోండమ్మా. ఈ వయసులో అదంతా సెకండరీ" అన్నాడు. మా ఆయన కూడా తల ఊపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం కోసం కాకపోతే అంత దూరం బస్సెక్కి ఎందుకొచ్చాను? నాకు కూడు పెట్టేది నా భుజమూ, దాని మీద పైట నిలిచే తీరూ. ఆపరేషన్ తర్వాత అద్దం ముందు నేను ఎలా నిలబడాలో అడిగితే, నాకేదో సోకులు కావాల్సి వచ్చినట్టు చూశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది, కాదనను. పక్కన గాయం నీరు దిగే డ్రెయిన్ సీసా వేలాడేసుకుని ఇంటికి వచ్చాను. ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేచేది కాదు. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన వాల్ క్లైంబింగ్ చేశాను. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించడం. నొప్పికి కళ్ళ నీళ్ళు కారుతున్నా చేశాను. పైట భుజం మీదికి వేయాలంటే ఆ చెయ్యి లేవాలి, అంతే.

కీమో మొదలైంది. ఒక్కో విడత మందును సైకిల్ అంటారు, మొదటి సైకిల్ తర్వాతే జడ చేతిలోకి వచ్చేసింది. మిగిలిన కుచ్చులు చూడలేక రెండోసారి పోయినప్పుడు ఆసుపత్రి దగ్గరే నున్నగా గీయించుకున్నాను. బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి పక్కింటి ఓబులమ్మక్క ఎదురొచ్చింది. నా తలకేసి చూసి రెండు చేతులూ జోడించింది.

"కొండకు పోయొచ్చినారా? ఏడుకొండలోనికి ఇచ్చుకుంటివా తల్లీ! ఎంత పుణ్యం! లడ్డు యాడ?"

నేను నోరు తెరిచేలోపే, నాకు తోడుగా ఉండడానికి వచ్చిన వదిన గుమ్మంలో నుంచి, "ఔనక్కా, పాత మొక్కుబడి. లడ్డు మళ్ళీ పోయినప్పుడు తెస్తార్లే" అనేసింది.

ఇంట్లోకి పోయాక అడిగాను, ఎందుకట్ల చెప్పినావని. "మతుండాదా నీకు? క్యాన్సర్ అని తెలిస్తే రేపు పాపకు సంబంధం వస్తాదా? తల్లికి ఉండాది, బిడ్డకూ వస్తాదంటారు. దేవుడే దావ చూపించినాడు, గమ్మునుండు" అంది. డిగ్రీ చదివే నా కూతురు పెళ్ళి మాటే ఎత్తలేదు. అయినా మా ఆయన, తన అక్క మాటే కరెక్టన్నాడు. నా జబ్బుకు వాళ్ళిద్దరూ కలిసి మొక్కుబడి అని పేరు పెట్టేశారు.

ఇక వీధి వీధంతా నన్ను చూసి దండాలు పెట్టడం. ప్రతి సైకిల్‌కీ తిరుపతి పోవాలి కదా, "మళ్ళీ కొండకా? ఏం భక్తి మ్మే నీది!" అనడం. నోరంతా పుండ్లు పడి మజ్జిగ కూడా దిగని నేను పరమ భక్తురాలినైపోయాను. ఒకామె తన కోడలి కడుపు పండాలని నా చేత్తో ఆ పిల్ల తలమీద అక్షింతలు వేయించింది.

అందరూ లడ్డు అడుగుతున్నారని వదిన మా ఆయనను పోరుపెట్టింది. ఒకసారి నాకు కొత్త మందు, ప్యాక్లిటాక్సెల్, మొదలుపెట్టారు. డ్రిప్ పెట్టగానే మా ఆయన, "నీకు సాయంత్రం దాకా పడతాది గదా, అంతలోకి వస్తా" అని లేచిపోయాడు. కాసేపటికి నాకు ఛాతీ పట్టేసింది. ముఖం మంటలెత్తి ఊపిరాడలేదు. సిస్టర్ పరిగెత్తుకొచ్చి డ్రిప్ ఆపి ఇంజెక్షన్ ఇచ్చింది. డాక్టర్ వచ్చి "రియాక్షన్. అటెండెంట్ ఎవరు?" అని అడిగాడు.

"మా ఆయన" అన్నాను.

"ఎక్కడున్నారు?"

"లడ్డు కోసం కొండకు పోయినాడు సార్."

సిస్టర్ నవ్వాలో తిట్టాలో తెలియక నా చెయ్యి పట్టుకుని పక్కన కూచుంది. చీకటి పడ్డాక ఆయన కవరుతో వచ్చి, "క్యూ శానా పెద్దదుండె" అన్నాడు. ప్రసాదం కాబట్టి విసిరికొట్టలేకపోయాను. మర్నాడు ఇంట్లో నేను బకెట్ ముందు కూచుని వాంతి చేసుకుంటుంటే, పక్క గదిలో వదిన ఆ లడ్లను తుంచి కాగితాల్లో పొట్లాలు కడుతోంది, వీధిలో పంచడానికి. ఇంట్లో నెయ్యి వాసన. ఆ వాసన వస్తే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి.

మధ్యలో జ్వరం వచ్చి, "తెల్లకణాల కౌంట్స్ పడిపోయాయి, న్యూట్రోపీనియా" అని అడ్మిట్ చేసుకున్నారు. చెయ్యి వాచింది, లింఫెడిమా అన్నారు, బిగుతు తొడుగు వేసుకోమన్నారు. అన్నీ దాటాను. కీమో అయిపోయింది, రేడియేషన్ అయిపోయింది. డాక్టర్ "ఇక నార్మల్ లైఫే" అన్నాడు. ఆ నార్మల్ ఎక్కడుందో వెతుక్కుంటూ అంగడికి పోయాను.

అంగట్లో కూడా మావాళ్ళు ఏదో ఆపరేషన్ అని, గుండు మొక్కుబడి అని చెప్పి ఉంచారు. షావుకారు కూచోబెట్టి కాఫీ తెప్పించాడు. "నీకు రెస్టు గావాలమ్మా. ఎనక రూంలో ఫాల్స్ కుట్టే కాడ కూచో. పెండ్లి చీరలకొచ్చినోళ్ళు గదా, ఎదురుగా గుండుంటే ఏమన్నా అనుకుంటారు." నాకోసమే అన్నట్టు మెత్తగా చెప్పాడు. మెత్తగా చెప్పినంత మాత్రాన వెనక రూం ముందుకు రాదు. అద్దం లేని ఆ గదిలో కూచుని ఇంకెవరో అమ్మే చీరలకు అంచులు కుట్టాను.

వదిన విగ్గు పంపింది. ప్రొద్దుటూరు ఎండలో విగ్గు పెట్టుకుని చూడండి, తెలుస్తుంది. కింద చెమట, దురద. వంగితే నుదుటి మీదికి జారేది. జాకెట్టులో కుక్కుకున్న గుడ్డ మధ్యాహ్నానికి మెడ దగ్గరికి ఎగబాకేది. అద్దంలో చూసుకుంటే ఎవరో నా చీర కట్టుకుని వేషం వేసినట్టుండేది. ఒక రోజు ఆ విగ్గును పట్టుకుని భోరున ఏడ్చాను. ఏడుపు కూడా దుఃఖంతో వచ్చింది కాదు, కచ్చతో వచ్చింది.

అంగట్లో నాతోపాటు పనిచేసే షమీమ్ ఒక్కదానికే అసలు సంగతి చెప్పాను. ఆ పిల్ల "అయ్యో పాపం" అనలేదు. "ఒకపక్క బరువు లేక భుజం పైకెత్తి నడుస్తాండావు అక్కా. ఏదన్నా చేద్దాంపా" అంది. ఇద్దరం కలిసి మెత్తటి గుడ్డతో సంచి కుట్టి బియ్యం పోశాం. వారానికి పురుగు పట్టింది. షమీమ్ పడీపడీ నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత దూదిలో ఆవాలు కలిపి కుట్టాం. అది కుదిరింది. జాకెట్టు లోపల దానికి జేబు పెట్టాం. మెడ కొంచెం పైకి ఎత్తి, మోచేతి దాకా చేతులు పెట్టి, వాచిన చెయ్యి కనపడకుండా కత్తిరించుకున్నాం. ఆ జాకెట్టు వేసుకుని పైట వేస్తే నిలిచింది! మునుపటిలా కాదు, వేరేగా. కానీ నిలిచింది.

ఆ వారమే వదిన పులివెందుల నుంచి తన వియ్యంకుల వాళ్ళను పెళ్ళి చీరలకు మా అంగడికే తీసుకొచ్చింది. జనం ఎక్కువై షావుకారే నన్ను ముందుకు పిలిచాడు. విగ్గుతో వచ్చి చీర దోపుకుంటున్నాను. వియ్యపురాలు, గట్టి మనిషి, వదిన దగ్గర మొక్కుబడి కథ విన్నట్టుంది, నన్ను ఎగాదిగా చూసి, "తలనీలాలు ఇచ్చింది ఈమేనా? మళ్ళీ అప్పుడే ఇంత జుట్టా? ఏ దేవుడు ఇచ్చినాడు?" అంది. వదిన నా వైపు కళ్ళురిమింది.

విగ్గు తీసి కౌంటర్ మీద పెట్టాను. కింద అంగుళం జుట్టు, ఉంగరాలు తిరిగి. "ఏ దేవునికీ ఇయ్యలేదమ్మా. రొమ్ము క్యాన్సర్ వచ్చింది, కోసేసినారు. కీమోకు పోయింది జుట్టు. మొక్కుబడి అని మావాళ్ళు చెప్పినారు, నేను చెప్పలేదు" అన్నాను. నా గొంతు అంగడంతా వినపడింది.

వదిన ముఖంలో నెత్తురు లేదు. షావుకారు లేచి నిలబడ్డాడు. వియ్యపురాలు కౌంటర్ మీది విగ్గును పక్కకు జరిపింది.

"సరేలే, ఇప్పుడు బాగుండావు గదా. యాదీ, ఆ వంకాయరంగుది మళ్ళీ ఏసి సూపీ. జడ అడ్డం లేకుంటే ఎనక అంచు ఎంత బాగా కనపడతాండాదో!"

తిరిగి చూపించాను. ఆమె అది తీసుకుంది, ఇంకా చాలా తీసుకుంది. ఆ సాయంత్రం షావుకారు వెనక రూం మాట ఎత్తలేదు, నేనూ పోలేదు.

వదిన ఇప్పటికీ నాతో మాట్లాడదు. దానికి నాకు బాధ లేదు. బాధ పెట్టింది ఓబులమ్మక్క. సంగతి తెలిసి ఆమె మా ఇంటికి వచ్చి కొంగు బిగించి నన్ను కడిగేసింది. "నాకేందికి చెప్పలేదు మ్మే? తిరుపతిలో నా చెల్లెలు ఇల్లు ఆసుపత్రి పక్కనే ఉండాది. చెప్పింటే నేనొచ్చి నీ పక్కన కూచుందును గదా! వండి పెడుదును గదా! ఆ లడ్డు నాకెందుకు తినిపించినారు?" అని ఏడ్చేసింది. తెలిసి ఉంటే, అన్ని సైకిల్స్‌లోనూ నేను ఆడతోడు లేకుండా పడుకున్న ఆ మంచం పక్కన ఆమె ఉండి ఉండేది. ఆ అబద్ధం నా దగ్గర్నుంచి లాక్కున్నది అదీ. దీనికి మాత్రం నేను మా ఆయనను క్షమించలేదు, ఆయనకూ తెలుసు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. జబ్బు తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ మాత్ర రోజూ వేసుకుంటాను. జుట్టు పెరుగుతుంటే నేనే కత్తిరించుకుంటున్నాను. పొట్టి జుట్టు, పెద్ద కమ్మలు, ఎత్తు మెడ జాకెట్టు. "కటింగామెను పిలువు, ఆమె ఏసి సూపిస్తేనే తెలుస్తాది" అని అడిగి వచ్చేవాళ్ళున్నారు.

చదివే మీలో ఎవరికైనా కీమో రాసి ఉంటే ఒక్క పని చేయండి. జుట్టు రాలకముందే ఇరుగుపొరుగును పిలిచి మీ జబ్బు పేరు మీ నోటితో మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, వాళ్ళకు తోచినట్టు.

వచ్చే నెల రివ్యూకు ఓబులమ్మక్క నాతో తిరుపతి వస్తోంది. అటునుంచి కొండకూ పోయి వద్దామంది. వస్తాను, దండం పెట్టుకుంటాను. కానీ ముందే చెప్పేశాను. నా తలమీద ఉన్న ఈ రెండంగుళాలు నేను తెచ్చుకున్నవి, ఎవరికీ ఇవ్వను.