పద్ధతి కాదు

2021లో దుబాయ్ దగ్గర అజ్మాన్‌లో ఆరుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఉద్యోగంలో నాకది చివరి ఏడాది. పొద్దున్నే వంటగదిలో కూర్చుని ఒక జర్మన్ తత్వవేత్తను చదువుతూ, సారాంశం డైరీలో రాసుకునేవాణ్ణి. అతను కుర్రతనంలో, తనకంటే పెద్ద తత్వవేత్తలతో తగువు పెట్టుకుని రాసిన రాతలవి. చట్టం బయట, మనస్సాక్షి లోపల అని విడదీస్తే రెండూ బోలుగానే మిగులుతాయనీ, జనం కలిసి బతికే తీరులోనే నీతి ఉంటుందనీ, రాజ్యాంగం అందులోంచే పుట్టాలనీ అతని వాదన. ఆ 'కలిసి బతికే నీతి'కి తెలుగు మాట దొరక్క ఖాళీ వదిలేశాను.

మా గదిలో నిజామాబాద్ అతనొకడు రాత్రంతా కాపలా కాసి, తెల్లారేసరికి వచ్చి పడుకునేవాడు. అతను పడుకున్నాక ఎవరమూ లైటు వేసేవాళ్లం కాదు. ఫోన్ వెలుగులోనే చొక్కాలు వెతుక్కునేవాళ్లం. ఎవరూ పెట్టిన నియమం కాదది.

ఒక శుక్రవారం సాయంత్రం, గది తన పేరున ఉన్న కడప భాయ్ తలుపుకి కాగితం అంటించాడు: 'పొద్దున ఆరు తర్వాత ఎవరైనా లైటు వేసుకోవచ్చు. అందరికీ సమానం.' కింద మా సంతకాలు కావాలి.

"లైటేస్తే నాకు నిద్ర వడ్తదా భాయ్? డ్యూటీల కునికితే ముదీర్ ఇంటికి తోల్తడు" అన్నాడు కాపలా అతను. ముదీర్ అంటే అక్కడ మేనేజరు.

"అందరికీ ఒగటే రూలుబ్బా. ఖలాస్."

మిగతా ముగ్గురూ సంతకం పెట్టారు. పెన్ను నా చేతికొచ్చింది.

"పెట్టను. ఇది పద్ధతి కాదు" అన్నాను. నోట్లోంచి వచ్చాకే తెలిసింది, నేను వెతుకుతున్న మాట అదేనని.

భాయ్ నవ్వాడు. "పద్ధతా సార్? మా ఊరి టీకొట్టులో కొందరికి వేరే గ్లాసు. అదీ పద్ధతే అంటాండ్రి. నా కాయితమే నయం, మనిషిని సూడదు."

దెబ్బ గట్టిగానే తగిలింది. తగ్గలేదు నేను.

"ఆ వేరే గ్లాసులో తాగేవాణ్ణి అడుగు, ఇది నీ పద్ధతేనా అని. కాదంటాడు. అందుకే దానికి ఆ పేరు దక్కదు. మన చీకటి గురించి ఇతణ్ణీ అడుగు, మమ్మల్నీ అడుగు, మాదే అంటాం. మనిషిని చూడదన్నావే, నీ కాగితం తప్పు అదే."

"సంతకం పెట్టకుంటే రూం ఖాళీ చెయ్ సార్."

"చేస్తాను. సంతకం మాత్రం పెట్టను."

మర్నాడు ఆరింటికి కాపలా అతను నిద్రలో ఉండగా భాయ్ లైటు వేశాడు. నేను ఆపాను. మళ్లీ వేశాడు. ఈసారి నాకంటే ముందే, సంతకం పెట్టినవాళ్లలో ఒకడు లేచి ఆపేశాడు. భాయ్ చీకట్లో చొక్కా వెతుక్కుంటూ మంచం కోడుకి కాలు కొట్టుకుని బూతులు తిట్టాడు. గొంతు తగ్గించే తిట్టాడు.