బొట్టు పెట్టని బండి

మా ఓనరు ఊర్మిళక్కకు కోపం వస్తే అరవదు, చున్నీ నడుముకు బిగించి కడుతుంది. కాకినాడ నుంచి హైదరాబాద్ వచ్చి యాప్రాల్‌లో ఆవిడ మేడ మీద అద్దెకు దిగిన కొత్తల్లో ఈ సంగతి నాకు తెలియదు. మా వైపు కోపమంటే వీధి చివరికి వినపడాలి.

ఆవిడ స్కూలు వ్యాను నడుపుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఆరా తీసినవాళ్ళకు ఒక్క చూపుతో జవాబిస్తుంది కాబట్టి రెండోసారి ఎవరూ అడగరు. ఇంటి వెనక ఖాళీ జాగాలో పాత మిలిటరీ ట్రక్కు ఒకటి టైర్లు కుంగిపోయి, సీట్లో పిల్లి కాపురంతో పడి ఉండేది. అది వాళ్ళ నాన్నది, ఆయన పేరు బ్రహ్మచారి. మౌలాలిలో లారీలకు బాడీలు కట్టిన కమ్మరి ఆయన. మిలిటరీవాళ్ళు వేలం వేసిన ట్రక్కును కొని, బురదలో దిగబడ్డ బళ్ళను దాంతో లాగేవాడట. పిలిచినవాడు తెలిసినవాడా కాదా అని చూసేవాడు కాదు, అన్నం ముందు నుంచైనా లేచి వెళ్ళేవాడు. ఆయన పోయాక దాన్ని కదిలించిన వాళ్ళు లేరు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. దసరా నాడు సుత్తి, పట్టకారు, వెల్డింగు మిషను, స్కూటరు అన్నిటికీ పూజ చేస్తారు. అయితే పని చేయని వస్తువుకు బొట్టు పెట్టరు. ఇది బ్రహ్మచారి పెట్టిన నియమం. బండి విషయంలో ఇంకా కచ్చితం. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. బండి స్టార్టయి తనంతట తాను వాటిని తొక్కి ముందుకు పోతేనే బొట్టు. ఎవరూ తొయ్యకూడదు.

ట్రక్కు బొట్టు మొహం చూసి ఏళ్ళయింది. ఆ సాకుతోనే ఊర్మిళక్క అన్న రాఘవేందర్ దానికొక బేరం తెచ్చాడు. ఆయన పక్క వాటాలోనే ఉంటాడు, ప్లాట్లు అమ్మిస్తాడు. శామీర్‌పేట దారిలో ధాబా కడుతున్నవాడెవడో ట్రక్కును సగానికి కోయిస్తాడట. ముందు సగం గోడకు బిగించి లైట్లు పెడతాడు, వెనక సగం పాన్ కౌంటరు చేస్తాడు. రాఘవేందర్ మురిసిపోతూ ఫోనులో బొమ్మ కూడా చూపించాడు. చిన్నప్పుడు అక్కను పక్కన కూర్చోబెట్టుకుని తండ్రి నడిపిన బండి అది. దాని మొహానికి రంగు లైట్లా?

అక్క చున్నీ బిగించింది.

"దసరాకు నడిపిస్త. నడిస్తే బండి నాది," అంది.

"నడవకుంటే?"

"కోసుకో."

ఆడపిల్లకు ట్రక్కెందుకన్నాడు, ఇది స్కూలు వ్యాను కాదన్నాడు, కాలనీ అంతా నవ్వుతుందన్నాడు. చివరికి సరేనన్నాడు. ఎందుకంటే అది నడవదని ఆయనకు గట్టి నమ్మకం.

తిరుమలగిరి నుంచి ఆషర్ అన్నను పిలిచింది. మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మెకానిక్కు ఆయన. పిల్లల్ని బడిలో దింపి రావడం, ట్రక్కు కిందికి దూరడం, సాయంత్రం మొహం కడుక్కుని మళ్ళీ బడికి పోవడం, అక్కకు అదే దినచర్య అయింది. తుప్పు గీకింది, పెట్రోలు ట్యాంకు దింపి కడిగింది, బ్రేకులు విప్పి మళ్ళీ బిగించింది. కాలనీ పెద్దమనుషులు గోడ మీంచి తొంగిచూసి సలహాలు పారేసేవాళ్ళు. వాళ్ళకు టీ ఇవ్వొద్దని నాకు ఆర్డరు. ఒక మధ్యాహ్నం ఇంజను దగ్గి, తుమ్మి, అందుకుంది. ఆ పొగకు మేడ మీద ఆరేసిన నా బట్టలన్నీ నల్లబడ్డాయి. ఉతికిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవడానికి అంత సంతోషపడింది నా జన్మలో అదొక్కసారే.

అంతా సవ్యంగా జరిగితే ఇక్కడితో కథ అయిపోవాలి. అక్క ఆ తండ్రికి కూతురు కావడం వల్ల అవలేదు.

దసరా ముందు రోజు పొద్దున వానకు మా సందులో నీళ్ళ ట్యాంకరు దిగబడింది. పైపుల కోసం తవ్విన గుంతలోకి ఒక పక్క చక్రాలు కూరుకుపోయాయి. కాలనీ అంతా బిందెలతో నిలబడింది. ట్యాంకరు డ్రైవరు వచ్చి అడగ్గానే అక్క తాళంచెవి తీసింది. రేపటిదాకా ఆగమని ఆషర్ అన్న బతిమాలాడు. ఇరుక్కున్నవాణ్ని చూసి వద్దనడం వాళ్ళ ఇంట్లో లేదని చెప్పి గొలుసు కట్టేసింది. ట్యాంకరు బయటికి వచ్చింది. దాంతోపాటే ట్రక్కు కింద ఫట్‌మని శబ్దం కూడా వచ్చింది. వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ రాడ్డు విరిగింది. మేము నీళ్ళు పట్టుకున్నాం, ట్రక్కును మనుషులు తోసుకుంటూ ఇంటికి తెచ్చారు.

రాఘవేందర్ అక్కడే నిలబడి ధాబావాడికి ఫోను చేశాడు. రేపు దివ్యమైన రోజు, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకు ముందే ఆయన ఇంట్లో పట్టుకున్నవి ఆ ట్యాంకరు నీళ్ళే.

రాణీగంజ్‌లో విడిభాగాల కొట్లు పండక్కి మూసేశారు. ఆషర్ అన్న మెట్ల మీద కూలబడి తిట్టడం మొదలుపెట్టాడు. నాలుగు చక్రాలూ లాగవలసిన బండి ఇది, బరువంతా వెనక చక్రాల మీద వేస్తే విరగక ఏమవుతుందన్నాడు. వేలం బళ్ళు కొన్నవాళ్ళందరూ చేసినట్టే బ్రహ్మచారి కూడా పెట్రోలు ఆదా కోసం ముందు చక్రాలకు పోయే రాడ్డును విప్పేశాడు. ట్రక్కు ముందు చక్రాలతో కూడా లాగగలదన్న మాటే ఇంట్లో అందరూ మరిచిపోయారు. ఇన్నాళ్ళు దాన్ని బాగుచేసిన అక్క కూడా మరిచిపోయింది.

"విప్పిన రాడ్డు యాడుందో ఏమో," అన్నాడు ఆషర్ అన్న.

అక్క వెనక గేటు వైపు చూసింది. దానికి అడ్డగడియగా వేసి ఉన్నది అదే. ఎన్నో ఏళ్ళుగా రోజూ తీస్తూ వేస్తూ ఉన్నారు.

మిగిలిన పగలంతా దాన్ని రుద్ది, గ్రీజు పెట్టి, బిగించారు. విరిగిన వెనక ముక్కలు పీకి పడేశారు. గడియ లేని గేటు తోసుకుని గేదెలు వచ్చి నా తులసిమొక్క తినేశాయి.

దసరా పొద్దున ధాబావాడి మనుషులు పెద్ద లారీ తెచ్చి వెనక గేటుకు అడ్డంగా నిలిపారు. రాఘవేందర్ పట్టు లాల్చీ తొడుక్కుని కుంకుమ పళ్ళెంతో వచ్చాడు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాడు. అక్క సీటెక్కి స్టార్టు చేసి గేరు వేసింది. ముందు చక్రాలు ఒకసారి బురదలో జారాయి. తర్వాత పట్టు దొరికింది. ముందు నిమ్మకాయలు చితికాయి, వాటి వెనకే వెనకవీ చితికాయి. నేను చప్పట్లు కొట్టాను, సిగ్గేమీ పడలేదు.

"ఎనక చక్రాలు లాగుతలేవు. సగం బండే నడిసింది, గిది లెక్కల రాదు," అన్నాడు రాఘవేందర్.

అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఎవలన్న తోసిండ్రా?"

"లేదు."

"మరి నడిసినట్టే. నువ్వు సగానికి కోద్దామంటివి గదనే. నాకు గా ముందటి సగమే చాలు."

ఆ ఇంట్లో బొట్టు పెట్టేది పెద్దకొడుకే. ఆయన పళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అక్క ఇంజను ఆపకుండానే దిగింది. ఆయన చేతిలోని పళ్ళెంలోంచే కుంకుమ తీసి, బానెట్ మీద అరచేతంత బొట్టు పెట్టింది. అన్న మొహం చూడలేదు, నన్ను చూసి మాత్రం నవ్వింది. మళ్ళీ సీటెక్కి గేటు దాకా తెచ్చి ఆపింది.

"అన్నా, మీ లారీ జెర పక్కకు తియ్యిండ్రి. నా బండి పోవాలె," అంది.

వాళ్ళు రాఘవేందర్ వైపు చూశారు. ఆయన పళ్ళెం వైపు చూసుకున్నాడు. అక్క హారన్ కొట్టింది. వాళ్ళు తీశారు.