మాట్లాడని యాదమ్మ

కౌన్సిలర్‌గా మొదటిసారి ఒక ఇంటికి వెళ్లి నేను చేసిన ఘనకార్యం గురించి చెబుతాను. ఆ పూట తప్పు ఇంట్లో, తప్పు మనిషికి, దాదాపు గంటసేపు నా వైద్యం నడిచింది. ఆమె నిక్షేపంగా ఉంది. నేను వెళ్లేసరికి అలా ఉంది. వచ్చేసేసరికి సంగతి వేరు.

ఇందులో ఇద్దరు యాదమ్మలున్నారు. మా వృత్తిలో అసలు పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి ఇద్దరి పేర్లూ మార్చాను. అసలు పేరు ఇద్దరిదీ ఒకటే కాబట్టి మార్చిన పేరూ ఒకటే పెట్టాల్సి వచ్చింది. రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకావిడ అయితే తన గురించి ఇంకాస్త ఎక్కువ రాయమంది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. సైకాలజీలో ఎమ్మే చేసి, పాతబస్తీలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. ఉన్నవి రెండే గదులు. మనసు బాగోలేనివాళ్లు వచ్చి కూర్చుంటారు, చెప్పుకుంటారు, మేం వింటాం. మా సీనియర్ నస్రీన్ మేడం ఇరవై ఏళ్లుగా వింటోంది. నేను ఇరవై రోజులుగా వింటున్నాను. తేడా పెద్దగా లేదనే నా నమ్మకం.

ఒక సోమవారం పొద్దున గౌలిపుర నుంచి ఒక కోడలు ఫోన్ చేసింది. నస్రీన్ మేడం స్పీకర్ పెట్టింది.

"మా అత్త మూడు వారాల సంది మాట్లాడతలేదు మేడం. గోడ దిక్కు తిరిగి పండుకుంటది. పిలిస్తే పలకదు, పెడితే సక్కగ తినదు. మాది పాల యాపారం. కొట్టం తీసేసినం, ఆఖరి బర్రెను అమ్మిన దినం సంది గిట్లనే. జర ఎవ్వరికి తెల్వకుండ రాండ్రి."

పేరు యాదమ్మ. నీలం తలుపు ఇల్లు. మేడం ఆ వివరాలూ ఫోన్ నంబరూ కాగితం మీద రాసి నాకిచ్చింది.

"గల్లీల దాక పోయినంక ఫోన్ చెయ్యి బేటీ. ఆ అమ్మాయే వచ్చి తీస్కపోతది."

"ఫికర్ చెయ్యకండి మేడం," అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

గౌలిపురలో ఆటో దిగేసరికి ఎదురుగా చాయ్ బండి కనిపించింది. ఇల్లు కనుక్కోవడం కూడా రాని కౌన్సిలర్ మనుషుల మనసులేం కనుక్కుంటుందని, ఫోన్ బ్యాగులోనే ఉంచి బండి దగ్గరికి వెళ్లాను. ఎవరికీ తెలియకుండా రమ్మన్న మాట గుర్తుండే ఉంది. అందుకే గొంతు తగ్గించి అడిగాను.

"అన్నా, ఇక్కడ మాట్లాడని యాదమ్మ ఇల్లెక్కడ?"

చాయ్ తాగుతున్న నలుగురూ నవ్వారు. ఒకతను చెయ్యి చాపి చూపించాడు. "గా నీలం తలుపు. నెల దాటింది తల్లీ, గల్లీ మొత్తం ఎంత సల్లగున్నదో."

మూడు వారాలని కోడలు చెబితే ఇతను నెల దాటిందంటున్నాడు. ఇంట్లోవాళ్లు నిజం దాస్తున్నారని అప్పుడే తేల్చేశాను. ఒక వీధిలో రెండు నీలం తలుపులు ఉండొచ్చన్న ఆలోచన మాత్రం ఎమ్మే సిలబస్‌లో లేదు.

తలుపు తీసిన మనిషి పేరు మల్లేశ్. గుడి దగ్గర పూలకొట్టు ఉందట. వెనకాల అతని భార్య సుజాత. లోపల అరవై దాటిన యాదమ్మ, గోడకు ఆనుకుని చామంతులు కడుతోంది. చేతులు మిషన్‌లా ఆడుతున్నాయి.

"నేను కౌన్సిలర్‌ని. మీ అమ్మగారి చేత మాట్లాడించడానికి వచ్చాను," అన్నాను.

మొగుడూ పెళ్లాల ముఖాలు ఒక్కసారే వాడిపోయాయి.

"ఎందుకు మేడం? మంచిగనే ఉన్నది గదా," అన్నాడు మల్లేశ్.

"అమ్మ మౌనంగా ఉంటే మీకు మంచిగా ఉందా?"

"మస్తుగుంది," అంది సుజాత మనస్ఫూర్తిగా.

కుటుంబమే రోగికి శత్రువైన కేసు అని పుస్తకంలో చదివాను కానీ ఇంత తొందరగా దొరుకుతుందనుకోలేదు. మల్లేశ్ ఇంకా ఏదో చెప్పబోయాడు. "మేడం, అసలు అమ్మ ఏందంటే..."

"ఆగండన్నా. ఏముందో ఆమె నోటి నుంచే వినాలి. మీరిద్దరూ బయట కూర్చోండి."

అతను మళ్లీ నోరు తెరిచాడు. నేను మళ్లీ చెయ్యెత్తాను. పాపం, కౌన్సిలర్ అంటే కార్పొరేటర్ అనుకున్నారని తర్వాత తెలిసింది. భయపడి వాకిట్లోకి వెళ్లిపోయారు.

యాదమ్మ ముందు చాప మీద కూర్చుని, గొంతులో తేనె పోసుకుని మొదలుపెట్టాను. "అమ్మా, మీ బాధ నాకు తెలుసు. మీ భావాలను నాతో పంచుకోండి."

ఆమె పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మాట్లాడొద్దని ఎవరైనా బెదిరించారా?"

తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ జోడించి పైకి చూపింది. తర్వాత మూడు వేళ్లు చూపింది. బర్రెల లెక్క అనుకున్నాను.

"మూడా? మూడూ పైకి పోయాయా? అమ్మేశారని విన్నానే."

యాదమ్మ నుదుటి మీద గట్టిగా కొట్టుకుంది. తనను తాను గాయపరచుకుంటోంది అని నోట్‌బుక్‌లో రాసి కింద గీత గీశాను. ఆమె కొడుకును పిలవడానికి కాబోలు లేవబోయింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "బాధ నుంచి పారిపోవద్దమ్మా. ఏడవండి, ఫరవాలేదు."

ముప్పావు గంట గడిచింది. ఏడుపు వచ్చినట్టే ఉంది, కానీ నాకు. ఇక చివరి అస్త్రం తీశాను. దూరమైనవాళ్లు ఎదురుగా ఖాళీ కుర్చీలో కూర్చున్నారని ఊహించుకుని, వాళ్లతో మాట్లాడించే పద్ధతి ఒకటుంది. మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి యాదమ్మ ఎదురుగా వేశాను.

"అమ్మా, ఈ కుర్చీలో మీ బర్రె కూర్చుంది."

యాదమ్మ చేతిలో పూలదండ ఆగిపోయింది. కుర్చీ వైపు చూసింది. నా వైపు చూసింది. తలుపు ఎంత దూరంలో ఉందో కూడా చూసింది.

"మాట్లాడండి దాంతో. సరే, అదే మాట్లాడుతుంది, వినండి." నేనే కుర్చీలో కూర్చున్నాను. కళ్లు మూసుకుని, గొంతు చించుకుని ఒక్క అరుపు అరిచాను. "అంబా... యాదమ్మా, నన్నెందుకు అమ్మినవ్..."

"ఓ పిల్లా, నాకు బర్రె ఏడిదే?"

కళ్లు తెరిచాను. యాదమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. బయట నుంచి మొగుడూ పెళ్లాలూ పరుగెత్తుకొచ్చారు.

"మాట్లాడింది," అన్నాను, గుండె నిండిపోయి.

"మాట్లాడుతది మేడం," అంది సుజాత గుమ్మంలోనే కూలబడి. "గదే గదా మా బాధ. మోకాళ్ల నొప్పులు పోవాలని నలభై ఒక్క దినాలు మౌనం పట్టింది. ఇంక మూడు దినాలుండె."

మూడు వేళ్లకు అర్థం అప్పుడు తెలిసింది. నా కాళ్ల కింద చాప ఉన్నా నేల లేదు. కంగారులో నోరు జారి, పాలవాళ్ల యాదమ్మ, ఆఖరి బర్రె, మూడు వారాలు, చాయ్ బండి అంటూ మొత్తం కక్కేశాను. తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. తిట్లు రాలేదు.

"పాల యాదమ్మ పండుకున్నదా?" యాదమ్మ గొంతు మారిపోయింది. "ముప్పై ఏండ్లు ఆమె పాలే తాగినం. పాలు బందయితే కొట్టం తీసేసిండ్రని మల్లేశ్ చెప్పిండు. ఆమె ఎట్లున్నదని అడుగుదామంటే నాకు నోరు లేకపాయె. నడువ్."

మోకాళ్ల నొప్పికి వ్రతం పట్టిన మనిషి వెనక నేను పరుగెత్తాల్సి వచ్చింది.

రెండో నీలం తలుపు వెనక గల్లీలో ఉంది. ఫోన్ చేసిన కోడలు నా వెంట పూల యాదమ్మను చూసి బిత్తరపోయింది. అడ్డుకునేలోపే ఆమె లోపలికి వెళ్లి మంచం అంచున కూర్చుంది. పాల యాదమ్మ గోడవైపు తిరిగి, ముడుచుకుని పడుకుని ఉంది. బక్కచిక్కిన వీపు తప్ప ఏమీ కనిపించలేదు. దాన్ని చూశాక పొద్దుటి నుంచి నాలో ఉన్న తెలివంతా ఆవిరైంది. ఇక్కడ నేనేమైనా తప్పు చేస్తే నవ్వుకోవడానికి ఏమీ మిగలదనిపించింది.

పూల యాదమ్మకు ఆ భయాలేవీ లేవు. ముప్పై ఎనిమిది రోజుల మాటలు కడుపులో ఉన్నాయి. చాయ్ బండి, కుర్చీ, మొత్తం చెప్పింది. వీపు కదల్లేదు. పూల యాదమ్మ నా వైపు తిరిగింది.

"గిప్పుడు జెయ్యి. ఇందాక ఎట్ల ఒర్లినవో గట్ల."

"అమ్మా, ఇక్కడా..."

"నా మౌనం చెడగొట్టినవ్. ఒర్లు."

చేతిలో ఫైలు పట్టుకుని, మెడలో ఐడీ కార్డు వేసుకుని, అరిచాను. అంబా.

తర్వాత గోడ దగ్గర నుంచి, తుప్పు పట్టిన గడియ తీసినట్టు ఒక గొంతు వచ్చింది.

"గది ఆవు ఒర్లుడు."

కోడలు చేతిలో గ్లాసు జారిపోయింది. పాల యాదమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "నా లచ్చిమి గట్ల ఒర్లదు. గొంతులకెళ్లి తీస్తది." లేచి కూర్చుని ఎలాగో చేసి చూపించింది. పూల యాదమ్మ పకపకా నవ్వింది. ఈమె కూడా నవ్వబోయి, సగంలో ఏడ్చేసింది. లచ్చిమిని బండి ఎక్కిస్తుంటే అది వెనక్కి తిరిగి అలాగే అరిచిందని, తను గుమ్మం దాటి బయటికి రాలేకపోయిందని చెప్పింది. నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆమెకు ఒక్క రోజులో ఏం నయం కాలేదు. డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాం, నెలల తరబడి మా దగ్గరికీ వచ్చింది. నస్రీన్ మేడం మాత్రం నా రిపోర్టు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఫోన్ చెయ్యలే. గల్లీల పేరు చెప్పినవ్. ఒక ఇంటి బాధ ఇంకొక ఇంట్ల చెప్పినవ్. ఏక్ విజిట్‌ల తీన్ గల్తీలు. బాగైందని ఖుష్ కాకు, నసీబ్ మంచిగుండె."

తలూపాను. ఇంకేముంటుందిలే అనుకుంటుండగా, వారం తర్వాత సుజాత మా ఆఫీసుకు వచ్చింది. నా టేబుల్ మీద మూరెడు మల్లెపూలు పెట్టింది.

"అత్త మళ్ల మొదటి సంది పట్టింది మేడం. ఇంక నలభై ఒక్క దినాలు. మీ పుణ్యమే." కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది. "నలభయ్యో దినం ఒక్కసారి వచ్చి పోండ్రి. ఏం జెయ్యకుండ్రి. గా బర్రె లెక్క జరసేపు మాట్లాడుండ్రి, సాలు."

మల్లెపూలు తలలో పెట్టుకుని, కుడిచెయ్యి ముందుకు చాపి, సుజాత సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకపై ఫోన్ చెయ్యకుండా ఏ గుమ్మం తొక్కను. ఇంట్లోవాళ్లు చెప్పేది చివరిదాకా వింటాను. ఈ బొందిలో ప్రాణముండగా ఏ పశువు తరఫునా మాట్లాడను.

నలభయ్యో రోజు నేను సెలవు పెట్టాను.